చప్పుడు ఎప్పుడు?

నాకు చప్పుడేదైనా బేరింగే. ఫ్యాను కిర్రుమన్నా బేరింగే, స్కూటరు మూలిగినా బేరింగే. ఆ ఒక్క మాట పట్టుకుని మా చుట్టాల్లో సగం మందికి మెకానిక్‌గా చలామణీ అయ్యాను. మా వాషింగ్ మెషిన్ ముసలిదై రకరకాలుగా మొత్తుకోవడం మొదలుపెట్టాకే నా చెవి పనితనం ఎంతో తేలింది. అది బేరింగు కానప్పుడు బేరింగన్నాను. నిజంగా బేరింగు పోయిన రోజున మాత్రం బెల్టన్నాను.

మాది ముందు తలుపున్న రకం, ఫ్రంట్ లోడ్. దాని లోపల ఏముందో కొంచెం చెప్పకపోతే తర్వాతి కథ అర్థం కాదు. మనం బట్టలు వేసే చిల్లుల స్టీలు డ్రమ్ము ఒకటి, దాని చుట్టూ నీళ్లు నిలిపే ప్లాస్టిక్ టబ్బు ఒకటి. ఈ రెండూ కలిసి పైన స్ప్రింగులకు వేలాడుతూ, కింద షాక్ అబ్జార్బర్ల మీద ఆనుకుని ఉంటాయి. ఎగిరిపడకుండా టబ్బుకు కాంక్రీటు దిమ్మలు బిగించి ఉంటాయి. డ్రమ్ము వెనక మూడు చేతుల అల్యూమినియం పోత ఉంటుంది, మెకానిక్‌లు స్పైడర్ అంటారు. దాని మధ్యనుంచి వచ్చే ఇరుసు టబ్బు వెనకగోడలోని రెండు బేరింగుల గుండా బయటికొచ్చి పెద్ద పుల్లీని మోస్తుంది. అక్కడినుంచి బెల్టు, కింద మోటారు. లోపలి బేరింగుకూ నీళ్లకూ మధ్య ఉన్నది ఒక్క రబ్బరు సీలు, అరచేతిలో పట్టేంత. దాని సంగతి తర్వాత.

అద్దె ఇల్లు మారేటప్పుడు మొదలైంది ఇదంతా. కొత్త మెషిన్ వచ్చినప్పుడు వెనకవైపు పొడుగాటి బోల్టులు బిగించి పంపుతారు. ప్రయాణంలో టబ్బు ఊగకుండా పట్టుకోవడానికి అవి. వాడకం మొదలెట్టే ముందు తీసి దాచుకోవాలని పుస్తకంలో రాసే ఉంటుంది. నేను తీశాను, దాచలేదు. ఏదో దీపావళికి ఇల్లు దులిపినప్పుడు అవి పాత సామాన్లలోకి పోయాయి. ఇల్లు మారే రోజున మెషిన్‌ను ట్రాలీ ఆటోలో, అదీ పక్కకు పడుకోబెట్టి, హైదరాబాదు గుంతల మీదుగా తెచ్చాం. లోపల అంత బరువు స్ప్రింగుల మీద ఎటు పడితే అటు కొట్టుకుంటూనే వచ్చి ఉంటుంది. మేం ఆటోలో కూర్చుని కొత్త ఇంటి వాస్తు గురించి మాట్లాడుకున్నాం.

కొత్త ఇంట్లో మొదటి ఉతుకులోనే, బట్టలు పిండే వేళకు, ధడ్ ధడ్‌మని మోత. బేరింగన్నాను. కానీ బేరింగు మార్పించడం పెద్ద పని కాబట్టి, ముందు నేల ఎగుడుదిగుడుగా ఉందేమో చూద్దామని కాళ్ల కింద మెత్తటి రబ్బరు ప్యాడ్లు కొనిపెట్టాను. దాంతో మెషిన్ మోతతో ఆగక నడక కూడా మొదలెట్టింది. మా ఆవిడ దాన్ని రెండు చేతులా పట్టుకుని నిలబడి, "ఏవండీ, ఇది గుమ్మం దాటేలోపు ఎవరినైనా పిలుస్తారా?" అని కేకేసింది.

అసలు అంత బలం ఎక్కణ్ణించి వస్తుందో అప్పుడు లెక్క కట్టుకున్నాను. డ్రమ్ము అడ్డకొలత అర మీటరుకు కాస్త తక్కువ. పిండేటప్పుడు నిమిషానికి 1000 చుట్లు. అంటే సెకనుకు పదహారు చుట్ల పైమాటే. దుప్పటి ఉండచుట్టుకుని ఒక పక్కన అరకిలో తడిబరువు ఎక్కువైందంటే, ఆ అరకిలో డ్రమ్మును బయటికి లాగే బలం 130 కిలోల బరువుకు సమానం. ఆ లాగుడు ఒక్కో చుట్టులో అన్ని దిక్కులకూ. ఈ కుదుపంతా మింగాల్సినవి షాక్ అబ్జార్బర్లు. అవి పోయాక కాళ్ల కింద ఏం పెట్టినా ఒకటే. మెత్తటివి పెడితే ఇంకా కొంప మునుగుతుంది.

ఇంటి ఓనరు పంపిన మెకానిక్ వయసు మళ్లిన మనిషి. ఆయన రాగానే నేను చప్పుడు వర్ణన అందుకున్నాను. పిండిమరలా ఉందని మా ఆవిడ అంటోంది, నాకైతే గేరు పడని లారీలా అనిపిస్తోంది, మా అబ్బాయి అయితే... ఆయన చెయ్యి అడ్డం పెట్టాడు.

"సప్పుడు ఎట్లుంటదో నాకెందుకు సార్. ఎప్పుడొస్తదో చెప్పుండ్రి. నీళ్లు ఎక్కేటప్పుడా, బట్టలు తిరిగేటప్పుడా, నీళ్లు పోయేటప్పుడా, పిండేటప్పుడా?"

నేను చెప్పలేకపోయాను. అన్నేళ్లుగా ఆ మెషిన్ పక్కనే పేపరు చదువుకుంటున్నవాణ్ణి, అది ఏ పని తర్వాత ఏ పని చేస్తుందో ఎప్పుడూ పట్టించుకోలేదు. "మొత్తం మీద వస్తుందండీ" అన్నాను. ఆయన తలుపు తీసి, డ్రమ్ము అంచు మీద చెయ్యేసి బలంగా కిందికి నొక్కి వదిలాడు. మంచి మెషిన్ అయితే టబ్బు పైకి లేచి ఒక్క ఊపుకే కుదురుకోవాలట. మాది ఊగుతూనే ఉంది. "షాకులు పోయినయ్" అని, రబ్బరు ప్యాడ్లు కాలితో పక్కకు నెట్టాడు.

ఆయన అడిగిన ప్రశ్నలో మెషిన్ మొత్తం ఉంది. నాకది మెల్లగా అర్థమైంది. మా దాంట్లో నీళ్లు ఎక్కేటప్పుడు డ్రమ్ము కదలదు, పంపు తిరగదు. అప్పుడు చప్పుడొస్తే నీటి వాల్వుదో పైపుదో అయ్యుండాలి. వాల్వు టక్కున మూసుకున్నప్పుడు గోడలో పైపు ఒక్కసారి అదరడం చాలా ఇళ్లలో ఉన్నదే. నీళ్లు పోయేటప్పుడు గుర్రుమంటే ముందు పంపును అనుమానించాలి. ఉతికేటప్పుడు డ్రమ్ము తిరిగేది నెమ్మదిగా, నిమిషానికి యాభై చుట్ల దగ్గర. అక్కడ లెక్కపెట్టుకోగలిగే చప్పుళ్లు బయటపడతాయి. పిండేటప్పుడు అన్నీ కలిసి మోగుతాయి కాబట్టి ఏదీ తెలియదు. జనం చెవొగ్గేది మాత్రం పిండేటప్పుడే.

అర్థమైందన్నాను గానీ వెంటనే ఒంటబట్టిందని కాదు. కొన్నాళ్లకు టిక్కు టిక్కుమని మొదలైంది, గోడగడియారంలా. నేను కింద మూల ఉన్న చిన్న మూత తీసి ఫిల్టరు విప్పాను. కాసిని మురికినీళ్లు, తలవెంట్రుకల ఉండ, రెండు రూపాయల బిళ్ల. దొంగ దొరికాడని బిళ్లను ఇంటిల్లిపాదికీ చూపించాను. మర్నాడు ఉతికితే టిక్కు టిక్కు. బిళ్ల పంపును దెబ్బతీసి పోయిందనుకుని ఫిల్టరు రంధ్రంలో వేలు పెట్టి పంపు రెక్క తిప్పి చూశాను. అది మెత్తగా తిరగలేదు, పట్టిపట్టి, గెంతుతూ తిరిగింది. ఇంకేముంది, పంపు బిగుసుకుపోయిందని కొత్తది కొన్నాను. కొత్తదాన్ని డబ్బాలోంచి తీసి సరదాగా రెక్క తిప్పితే అదీ పట్టిపట్టే తిరిగింది! ఈ రకం పంపుల్లో రెక్క వెనక ఉండేది శాశ్వత అయస్కాంతం. కరెంటు లేనప్పుడు అది చుట్టూ ఉన్న ఇనుపరేకులకు అతుక్కుని, ఒక చోటినుంచి ఇంకో చోటికి గెంతుతుంది. దాని ఆరోగ్యమే అది. కొన్న పంపు బిగించకుండా మానలేదు లెండి, డబ్బులిచ్చాక.

టిక్కు టిక్కు పోలేదు. ఎందుకు పోతుంది? నీళ్లు పోయేటప్పుడు తప్ప పంపు తిరగదు, చప్పుడేమో ఉతుకుతున్నంతసేపూ వస్తోంది. ముసలాయన ప్రశ్న ఒక్కసారి గుర్తు చేసుకుని ఉంటే పంపు జోలికే పోయేవాణ్ణి కాదు. అప్పుడు కూర్చుని చూశాను. డ్రమ్ము ఒక చుట్టు తిరిగితే ఒక టిక్కు. డ్రమ్ము ఆగితే టిక్కు ఆగింది. మోటారుదైతే అలా ఉండదు, డ్రమ్ము ఒక చుట్టు తిరిగేలోపు మోటారు పది చుట్లకు పైగా తిరిగేస్తుంది. యాభై చుట్ల వేగంలో చుట్టుకో టిక్కంటే దాదాపు సెకనుకొకటి. నాకు గడియారం గుర్తొచ్చింది అందుకే. ప్లగ్గు పీకి, డ్రమ్మును చేత్తో మెల్లగా తిప్పుతూ టిక్కుమన్నచోట ఆపి, టార్చి వేసి ఆ వరసలో చిల్లులు ఒక్కొక్కటే చూశాను. ఒక చిల్లులోంచి సన్నగా మెరుస్తూ పిన్నీసు. చీర కుచ్చిళ్లకు పెట్టుకునేదే. ముక్కు తెరుచుకుని, తల డ్రమ్ము లోపల, మొన డ్రమ్ము బయట. చుట్టు చుట్టుకూ ఆ మొన టబ్బు గోడను తాకుతోంది. సన్నముక్కు పకారుతో పట్టి లాగితే వచ్చేసింది. చీరలు, జాకెట్లు ఉతికే ఇళ్లలో బిళ్లల కన్నా పిన్నీసులూ హుక్కులే ప్రమాదం. బిళ్ల బరువుకు ఎక్కడో ఒకచోట ఆగుతుంది, పిన్నీసు మాత్రం తలుపు రబ్బరు సందుల్లోంచి కూడా దూరిపోగలదు.

ఇంతలో తెనాలినుంచి మా అక్క ఫోను. వాళ్లది రెండు తొట్ల సెమీ ఆటోమేటిక్. ఆరేసే తొట్టి కీచుమంటోందంది. ఫోను మెషిన్ దగ్గర పెట్టమన్నాను. కీచుమన్నమాట నిజమే, కింద గుర్రుమనే రొద ఏమీ లేదు. "బేరింగు కాదులే అక్కా, మోటారు బుష్షు అరిగింది" అని తీర్పు చెప్పాను. బావగారు మంచి మనిషి, నా మాట మీద మోటారు మార్పించారు. కీచు అలాగే ఉంది. చివరికి అక్కడి కుర్రాడు చూసి బ్రేకు తీగ సాగిందన్నాడు. ఆ తొట్టి మూత తెరవగానే బ్రేకు పడి తొట్టి ఆగుతుంది. మూత మూసినప్పుడు ఒక తీగ బ్రేకును లాగి దూరంగా పట్టుకోవాలి. తీగ సాగితే బ్రేకు పూర్తిగా వదలదు, తొట్టి తిరిగినంతసేపూ రాసుకుంటుంది. నేను అడగాల్సింది ఒక్కటే. మూత కొంచెం కదిపితే చప్పుడు మారుతోందా అని.

ఫోనులో చప్పుడు విని జబ్బు చెప్పడంలో ఇంకో మోసం ఉందని తర్వాత తెలిసింది. పాత టెలిఫోను లెక్కలో లైను మోసేది 300 నుంచి 3400 హెర్ట్జ్ దాకా ఉన్న శబ్దాలనే. మనిషి మాట అర్థం కావడానికి అవి చాలు. బేరింగు రొదలో అడుగున ఉండే బరువైన భాగం ఆ హద్దుకు కిందే మిగిలిపోతుంది. ఇప్పటి సెల్‌ఫోన్లు అంతకన్నా ఎక్కువే మోస్తాయి గానీ, మాటకు అడ్డొచ్చే ఎడతెగని రొదను తగ్గించేందుకు అవే ప్రయత్నిస్తుంటాయి. కాబట్టి ఫోనులో కీచులు వినిపించినంతగా గుర్రులు వినిపించవు. "రొద లేదు" అని నేను చెప్పిన తీర్పులో సగం తప్పు ఫోనుది. మిగతా సగమూ, మోటారు ధర అంతా నాదే. అక్క ఆ డబ్బు ఇంతవరకూ అడగలేదు. బావగారు మాత్రం కనపడ్డప్పుడల్లా, "మీ బుష్షు ఎలా ఉంది బావా?" అంటారు.

ఇన్ని దెబ్బలు తిన్నాక బేరింగు అనే మాట నా నోట రాకూడదని ఒట్టు పెట్టుకున్నాను. మెషిన్ ఆ ఒట్టు విన్నట్టే ఉంది. పిండేటప్పుడు రొద మొదలై, వేగం పెరిగేకొద్దీ పెరిగి, చివర్లో తలుపులు కూడా అదిరేవి. నేను గంభీరంగా బెల్టన్నాను. బెల్టు మార్చాను. తేడా లేదు. వెనక రేకు విప్పి పుల్లీ మధ్యలో తుప్పు వదిలించే స్ప్రే కొట్టాను. రొద సగానికి సగం తగ్గింది. కొన్ని ఉతుకుల పాటు ఇంట్లో నా మాటకు మళ్లీ విలువొచ్చింది. ఆ తర్వాత రొద రెట్టింపై తిరిగొచ్చింది. అలాంటి స్ప్రే పలచటిది, తుప్పును వదిలిస్తుంది సరే, బేరింగులో మిగిలిన కాస్త గ్రీజునూ కరిగిస్తుంది. ముసలాయన వచ్చి వాసన చూసి, "ఉన్న గ్రీజు కూడ మీరే కడిగిండ్రు సార్" అన్నాడు.

ఆయన చేసిన పరీక్షను ఈసారి దగ్గరుండి చూశాను. ముందు ప్లగ్గు పీకాడు. బెల్టును పుల్లీ మీదినుంచి పక్కకు తప్పించాడు. ఇప్పుడు మోటారు వేరు, డ్రమ్ము వేరు. మోటారు పుల్లీని వేళ్లతో తిప్పితే చడీచప్పుడూ లేదు. డ్రమ్మును చేత్తో గిర్రున తిప్పితే గరగర. ఒక చెయ్యి టబ్బు వెనక ఆనించి ఉంచమన్నాడు. చెవికి వినపడ్డదానికన్నా అరచేతికి ఎక్కువ తెలిసింది. తర్వాత ముందుకొచ్చి డ్రమ్ము అంచును పైకెత్తాడు. డ్రమ్మూ టబ్బూ కలిసి లేస్తే అది స్ప్రింగుల కదలిక, మామూలే. టబ్బు అలాగే ఉండి డ్రమ్ము ఒక్కటే లేచి టక్కుమంటే బేరింగులో ఆట. మాది టక్కుమంది. ఇంకా నమ్మకం కావాలంటే చూడండని వెనక్కి తిప్పి టార్చి వేశాడు. ఇరుసు కిందనుంచి టబ్బు మీదుగా గోధుమరంగు చార ఒకటి జారి ఎండిపోయి ఉంది. నేను స్ప్రే కొట్టినప్పుడు అది నా కళ్ల ముందే ఉంది. మురికనుకున్నాను.

టబ్బు విప్పడం సగం రోజు పని. బయటికొచ్చిన లోపలి బేరింగు గుండ్లు కొన్ని గుంటలు పడ్డాయి, కొన్ని తుప్పుతో పట్టేశాయి. గ్రీజు ఉండాల్సినచోట ఎర్రటి నీళ్ల బురద. సీలు పెదవి గట్టిపడి, వేలితో వంచితే పగిలింది. జరిగిన వరస అప్పుడు తెలిసింది. ముందు సీలు గట్టిపడింది, నీళ్లు లోపలికెళ్లాయి, గ్రీజు పోయింది, తుప్పొచ్చింది, ఆఖరున రొద వచ్చింది. మా చెవిదాకా వచ్చేసరికి జబ్బు ముదిరిపోయింది.

బేరింగులకు సికింద్రాబాదు రాణిగంజ్ వెళ్లాను. అక్కడి కొట్లలో మెషిన్ పేరు చెప్పక్కర్లేదు, బేరింగు మీది నంబరు చెబితే చాలు. మాది ఒకటి 6205, ఒకటి 6206. చివరి రెండంకెలను అయిదుతో హెచ్చిస్తే ఇరుసు పట్టే రంధ్రం కొలత మిల్లీమీటర్లలో వస్తుంది, 25, 30. నంబరు పక్కన జెడ్‌జెడ్ అని ఉంటే రేకు మూతలు, 2ఆర్ఎస్ అని ఉంటే రబ్బరు మూతలు. నీళ్లకు దగ్గరగా ఉండేదానికి రబ్బరు మూతలవే ఇమ్మని కొట్టువాడికి చెప్పాను, పెద్ద తెలిసినవాడిలా. సీలు మాత్రం ఆ కొట్లో లేదు. వేరే చోట వెతకాలి, ఎండ మండిపోతోంది. వచ్చేసి, పాత సీలునే కాస్త గ్రీజు రాసి పెట్టెయ్యమన్నాను. ముసలాయన వద్దన్నాడు. "రబ్బరు మూతల బేరింగు తెచ్చాను కదండీ" అని వాదించాను. ఆ మూతలు దుమ్మునూ తుంపర్లనూ ఆపడానికి పెట్టినవి, సబ్బునీళ్లలో నానడానికి పెట్టినవి కావు. వానాకాలం దాటకముందే గోధుమరంగు చార మళ్లీ కనిపించింది.

ఈసారి టబ్బు విప్పేసరికి పనే లేకపోయింది. స్పైడర్ మూడు చేతుల్లో ఒకటి మొదలు దగ్గరే చీలింది. అల్యూమినియం మీద తెల్లటి పొడి పెచ్చులు పెచ్చులుగా లేస్తోంది, గోరుతో గీకితే రాలుతోంది. సబ్బు క్షారగుణానికి అల్యూమినియం ఆగదు. పైగా తడిలో స్టీలు డ్రమ్ముకు ఆనుకుని ఉంటే తినేయడం ఇంకా జోరవుతుంది. బోరునీళ్లలో నురుగు రాదని మేం గరిటెలకొద్దీ వేసిన పొడి, సరిగా జాడించక మిగిలిన ముద్ద, ఇవన్నీ ఏళ్లపాటు డ్రమ్ము వెనకే పేరుకున్నాయి. అసలే చచ్చిన చెయ్యి, దానికి తోడు బేరింగు ఆట. ఆ మోడల్‌కు స్పైడర్ ఎక్కడా దొరకలేదు.

పాత సామాన్లవాడు మెషిన్‌ను తూచే ముందు కాంక్రీటు దిమ్మలు విప్పి మా గుమ్మం దగ్గరే పెట్టాడు. "రాయికి పైసలియ్యను సార్." న్యాయమే. వాటి మీద ఇప్పుడు తులసి కుండీ ఉంది.

కొత్తది కొనడానికి వెళ్లినప్పుడు షోరూములో కుర్రాడు యాప్‌లూ ఆవిరి ఉతుకూ చెబుతుంటే, టబ్బు బోల్టులతో బిగించిందా, అతికేసిందా అని అడిగాను. ఇప్పుడు చాలా మోడళ్లలో టబ్బు రెండు సగాలనూ కరిగించి అతికేస్తున్నారు. అలాంటివాటిలో బేరింగు ఒక్కటే మార్చడం కుదరదు, డ్రమ్ముతో సహా టబ్బంతా కొనాలి. వారంటీ దాటాక ఆ ఖర్చు విన్నవాళ్లు కొత్త మెషిన్‌కే మొగ్గుతారు. కుర్రాడికి ఆ ప్రశ్న ఎవరూ వేసినట్టు లేదు, మేనేజరును పిలిచాడు. మేనేజరు పదేళ్ల మోటారు వారంటీ గురించి చెప్పాడు. నేను అడిగింది మోటారు గురించి కాదు. మోటార్లు పోవడం నేనింతవరకూ చూడలేదు, మా అక్క మార్పించిన మంచి మోటారు తప్ప.

మొన్న అక్క మళ్లీ ఫోను చేసింది, తొట్టి ఏదో చప్పుడు చేస్తోందని. "ఎలా ఉందో చెప్పొద్దక్కా, ఎప్పుడొస్తోందో చెప్పు. ఉతికేటప్పుడా, ఆరేసేటప్పుడా? మూత కదిపితే మారుతోందా?" అని వరసగా అడిగాను.

"అదంతా ఆ కుర్రాడు చూసుకుంటాళ్లే గానీ, అమ్మాయి సంబంధం సంగతి ఏమైంది?" అంది.